ఒక సర్వరు ఆగినా సేవ ఆగకుండా

బ్యాంకు ఖాతాల నిల్వలు, రైలు టికెట్ల రిజర్వేషన్లు, ఆసుపత్రిలోని రోగుల వివరాలు, పరీక్షా ఫలితాలు వంటి సమాచారాన్ని భద్రపరచి, ఎక్కడెక్కడి నుంచో అడిగేవారికి అడిగిన క్షణంలోనే అందించే కంప్యూటరును సర్వరు అంటారు. అదీ యంత్రమే కనుక దాని డిస్కు అరుగుతుంది, పవర్ సప్లై కాలిపోతుంది, అందులో నడిచే ప్రోగ్రాము ఒక్కోసారి ఎటూ కదలక బిగుసుకుపోతుంది. ఎన్నటికీ ఆగని యంత్రాన్ని తయారు చేయడం ఇంతవరకు ఎవరికీ సాధ్యం కాలేదు కాబట్టి, యంత్రం ఆగినా దాని మీద ఆధారపడిన సేవను ఆగనివ్వకుండా కాపాడటం ఎలా అనే ప్రశ్న చుట్టూ కంప్యూటర్ శాస్త్రంలో ఒక ప్రత్యేక విద్య అర్ధశతాబ్దంగా పెరుగుతూ వచ్చింది. హై అవైలబిలిటీ అని నిపుణులు వ్యవహరించే ఈ గుణాన్ని నిరంతర లభ్యత అనవచ్చు. దానికి ఆధారంగా నిలిచిన రెండు పద్ధతులు, అంటే సర్వర్లను ఒక జట్టుగా కలిపే క్లస్టరింగ్, వచ్చే పనిని వాటి మధ్య పంచే లోడ్ బ్యాలెన్సింగ్, ఈ ప్రసంగానికి విషయాలు.

లభ్యతను శాతంలో కొలుస్తారు. ఒక సేవ 99 శాతం కాలం అందుబాటులో ఉందంటే వినడానికి ఘనంగానే ఉంటుంది కానీ, ఏడాదిలోని 8,760 గంటల్లో ఒక శాతమంటే దాదాపు 88 గంటలు, అంటే మూడున్నర రోజులకు పైగా ఆ సేవ మూతపడినట్టే. 99.9 శాతమైతే ఆ నష్టం సుమారు 8 గంటల 46 నిమిషాలకూ, 99.99 శాతమైతే 53 నిమిషాలకూ, 99.999 శాతమైతే 5 నిమిషాల పైచిలుకుకూ తగ్గుతుంది. చివర చేరే ప్రతి తొమ్మిదీ మూతపడే కాలాన్ని పదో వంతుకు తగ్గిస్తుంది కాబట్టి, దాన్ని సాధించడానికి పెట్టే శ్రమా ఖర్చూ ముందటి తొమ్మిదికి పెట్టినదానికన్నా ఎంతో ఎక్కువగా ఉంటాయి. లభ్యతను పెంచడానికి దారులు రెండే: యంత్రం చెడిపోయే సందర్భాల మధ్య ఎడాన్ని పెంచడం, చెడిపోయినప్పుడు కోలుకునే వ్యవధిని తగ్గించడం. ఈ రెండింటిలో రెండోదే మనిషి చేతిలో ఎక్కువగా ఉన్నది.

ఒక సర్వరు 99 శాతం లభ్యత గలదైతే, అటువంటివి రెంటిని పక్కపక్కన నిలిపి, ఏ ఒక్కటి పని చేస్తున్నా సేవ సాగేలా అమర్చినప్పుడు, రెండూ ఒకేసారి ఆగే అవకాశం నూటికి ఒకటి చొప్పున రెండుసార్లు గుణించగా పదివేలకు ఒకటి అవుతుంది. లెక్క ప్రకారం రెండు తొమ్మిదులు ఒక్కసారిగా నాలుగవుతాయి. అయితే ఈ గుణకారం చెల్లాలంటే రెండు యంత్రాల వైఫల్యాలకూ పరస్పర సంబంధం ఉండకూడదు. ఒకే కరెంటు లైను మీద, ఒకే నెట్‌వర్క్ స్విచ్చికి తగిలించి, ఒకే డిస్కుల పెట్టె మీద ఆధారపడి, ఒకే లోపమున్న ప్రోగ్రామును నడిపే రెండు సర్వర్లు సంఖ్యకు రెండైనా వైఫల్యం దృష్ట్యా ఒకటే. అందువల్ల రూపకర్త మొదట వెతకవలసింది, ఏ ఒక్క భాగం పోతే మొత్తం కూలుతుందో ఆ ఏకైక వైఫల్య స్థానాన్ని.

ఈ ఆలోచనను వ్యాపారరూపంలోకి తెచ్చినవారిలో జేమ్స్ ట్రైబిగ్ పేరు ముందు చెప్పుకోవాలి. ఆయన 1974లో కాలిఫోర్నియాలో స్థాపించిన టాండెమ్ కంప్యూటర్స్ సంస్థ, ఒక ప్రాసెసరు ఆగిపోతే దాని పనిని మరొకటి అందుకునే నాన్‌స్టాప్ యంత్రాలను తయారు చేసి, 1976లో మొదటిదాన్ని సిటీబ్యాంకుకు అందజేసింది. ఆ యంత్రాల్లో ప్రతి ముఖ్యమైన పనికీ రెండు ప్రతులు ఉండేవి. మొదటిది పని చేస్తూ, తాను ఎంతవరకు వచ్చిందో ఎప్పటికప్పుడు రెండోదానికి తెలియజేస్తూ ఉండేది. 1983లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వ్యాక్స్‌క్లస్టర్‌ను ప్రకటించడంతో, దేనికది పూర్తి కంప్యూటరే అయిన యంత్రాలను అనేకం కలిపి, ఒకే డిస్కుల సముదాయాన్ని పంచుకుంటూ ఒకే వ్యవస్థగా నడపడం సాధ్యమైంది. క్లస్టర్ అనే మాట ఈ రంగంలో స్థిరపడటానికి వ్యాక్స్‌క్లస్టరే ప్రధాన కారణం. అందులోని ఒక్కొక్క యంత్రాన్ని నోడ్ అంటారు. వ్యాక్స్‌క్లస్టర్‌ను నడిపిన విఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో తెలుగువారికి దగ్గరి సంబంధమే ఉంది. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాల నుంచి నడిచిన భారతీయ రైల్వేల రిజర్వేషన్ వ్యవస్థకు చాలాకాలం ఆధారంగా నిలిచింది ఆ కుటుంబానికి చెందిన ఆపరేటింగ్ సిస్టమే.

క్లస్టరింగ్, లోడ్ బ్యాలెన్సింగ్ అనే రెండు పద్ధతుల్లో ఏది ఎక్కడ తగునో నిర్ణయించేది ఒక్క ప్రశ్న: ఆ సర్వరు దేన్నైనా గుర్తు పెట్టుకోవాలా, అక్కర్లేదా? ఒక వెబ్‌సైటు పేజీని తయారు చేసి పంపే సర్వరు, ఆ పేజీని పంపిన తరువాత దాన్ని మరచిపోయినా నష్టం లేదు; తరువాతి పేజీని మరో సర్వరు పంపవచ్చు. అటువంటి సర్వర్లను పదింటిని వరుసగా నిలబెట్టి, వచ్చే అభ్యర్థనలను వాటికి పంచడమే లోడ్ బ్యాలెన్సింగ్. ఖాతాలో ఎంత డబ్బుందో రాసి ఉంచే డేటాబేస్ సంగతి వేరు. పది చోట్ల పది రకాల నిల్వలు ఉంటే దాన్ని ఖాతా అనడానికి వీల్లేదు కనుక, అక్కడ ఒక సమయంలో రాసే అధికారం ఒక్క యంత్రానికే ఇచ్చి, అది కూలినప్పుడు ఆ అధికారాన్ని మరో యంత్రానికి బదలాయించే పద్ధతి అవసరమవుతుంది. ఈ బదలాయింపును ఫెయిలోవర్ అనీ, అందుకు ఏర్పరచిన జట్టును ఫెయిలోవర్ క్లస్టర్ అనీ అంటారు. పెద్ద వ్యవస్థల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి: ముందు వరుసలో లోడ్ బ్యాలెన్సింగ్‌తో వెబ్ సర్వర్లు, వెనుక వరుసలో ఫెయిలోవర్ క్లస్టర్ మీద డేటాబేస్.

పని పంచడానికి అన్నింటికన్నా పాత, చవకైన మార్గం వెబ్‌సైటు పేరును ఐపి చిరునామాగా మార్చి చెప్పే డిఎన్ఎస్ వ్యవస్థే, ఒక్కో కంప్యూటరుకు ఒక్కో సర్వరు చిరునామాను వంతులవారీగా చెప్పడం. ఆ సర్వరు కూలినా, పాత చిరునామాను గుర్తు పెట్టుకున్న కంప్యూటర్లు కొంతకాలం దాని తలుపే తడుతూ ఉంటాయి కాబట్టి, ఈ మార్గం పనిని పంచుతుందే తప్ప లభ్యతకు హామీ ఇవ్వదు. అందుకే లోడ్ బ్యాలెన్సర్ అనే మధ్యవర్తి అవసరమైంది. వినియోగదారులకు తెలిసేది దాని ఒక్క చిరునామాయే. అది ప్రతి అభ్యర్థననూ అందుకుని, వంతు ప్రకారమో, అప్పటికి తక్కువ కనెక్షన్లున్న సర్వరును చూసో, వెనుకనున్నవాటిలో ఒకదానికి అప్పగిస్తుంది. 1998లో వెన్‌సాంగ్ జాంగ్ ప్రారంభించిన లినక్స్ వర్చువల్ సర్వరు, ఆ తరువాత కొద్దికాలానికే విలీ తార్రో రాసిన హెచ్ఏప్రాక్సీ, ఖరీదైన ప్రత్యేక పరికరాలు చేసే ఈ పనిని మామూలు కంప్యూటర్ల మీద ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేయించి, చిన్న సంస్థలకు కూడా అందుబాటులోకి తెచ్చాయి. ఆ మేలు ఎంత చెప్పినా తక్కువే.

మధ్యవర్తే కూలితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఒక జవాబు, మధ్యవర్తులను కూడా జంటగా నిలపడం. మరో జవాబు మైక్రోసాఫ్ట్ వారి నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సింగ్‌లో కనిపిస్తుంది. వాలెన్స్ రీసెర్చ్ అనే సంస్థ కాన్వాయ్ క్లస్టర్ పేరుతో తయారు చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసాఫ్ట్ 1998లో సొంతం చేసుకుని విండోస్ సర్వర్లలో చేర్చింది. ఇందులో మధ్యవర్తి అంటూ ఎవరూ లేరు. గరిష్ఠంగా 32 సర్వర్లు ఒకే చిరునామాను పంచుకుంటాయి. వచ్చిన ప్రతి సమాచార పొట్లం, అంటే ప్యాకెట్, అన్నింటికీ చేరుతుంది. పంపినవారి చిరునామా ఆధారంగా అన్ని సర్వర్లూ ఒకే లెక్క వేసుకుని, తన వంతు కానిదాన్ని ఏ సర్వరుకు ఆ సర్వరే విడిచిపెడుతుంది. సర్వర్లు సెకనుకొకసారి తాము బతికే ఉన్నట్టు చెప్పుకునే చిన్న సందేశాన్ని హార్ట్‌బీట్ అంటారు. ఒక సర్వరు నుంచి వరుసగా 5 హార్ట్‌బీట్లు రాకపోతే మిగిలినవి దాన్ని జట్టు నుంచి తొలగించి, వంతులను మళ్లీ లెక్క కట్టుకుంటాయి. ఎంతో అందమైన రూపకల్పన ఇది. దీనిలోని లోటు ఏమంటే, ప్రతి ప్యాకెట్టూ అందరికీ చేరవలసి రావడం వల్ల నెట్‌వర్క్ స్విచ్చి మీద భారం పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, యంత్రం బతికి ఉండి, దాని మీది వెబ్ ప్రోగ్రాము మాత్రం బిగుసుకుపోయినప్పుడు హార్ట్‌బీట్ యథావిధిగా వస్తూనే ఉంటుంది కనుక, జవాబు ఇవ్వలేని ఆ సర్వరుకు పని అందుతూనే ఉంటుంది. యంత్రం ఉనికిని కాక సేవ స్థితిని పరీక్షించే హెల్త్ చెక్, అంటే అసలైన పేజీనే అడిగి సరైన జవాబు వచ్చిందో లేదో చూసే పరీక్ష, నేటి లోడ్ బ్యాలెన్సర్లలో తప్పనిసరి భాగం కావడానికి కారణం ఇదే.

పని పంచినంత మాత్రాన లభ్యత రాదని చెప్పే చిన్న లెక్క ఒకటుంది. రెండు సర్వర్లు చెరో 60 శాతం పనిభారంతో నడుస్తుండగా ఒకటి కూలితే, మిగిలినదాని మీద 120 శాతం భారం పడి అదీ కూలుతుంది. అదే 60 శాతంతో నాలుగు సర్వర్లు నడుస్తుంటే, ఒకటి కూలినప్పుడు మిగిలిన మూడింటి మీద 80 శాతం చొప్పున పడుతుంది, సేవ నిలబడుతుంది. ఖాళీగా ఉన్నట్టు కనిపించే సామర్థ్యమే ఆపద సమయంలో సేవను నిలబెట్టేది కాబట్టి, పొదుపు పేరుతో దాన్ని కోసేయడం లభ్యతను కోసేయడమే.

అసలు కష్టం గుర్తు పెట్టుకోవలసిన యంత్రాల దగ్గర, అంటే డేటాబేస్ క్లస్టర్ల దగ్గర మొదలవుతుంది. క్లస్టర్‌లో రెండు నోడ్లున్నాయి. మొదటిది డేటాబేస్‌ను నడుపుతోంది, రెండోది సిద్ధంగా ఉంది. మొదటిదాని నుంచి హార్ట్‌బీట్లు ఆగిపోయాయి. ఆ మౌనానికి అర్థం మొదటి నోడ్ చనిపోయిందని కావచ్చు. రెంటి మధ్యనున్న కేబుల్ మాత్రమే తెగి, అది నిక్షేపంగా పని చేస్తూనే ఉందని కావచ్చు. తాత్కాలికంగా పని ఒత్తిడిలో జవాబు ఆలస్యమైందనీ కావచ్చు. దూరం నుంచి చూసే రెండో నోడ్‌కు ఈ మూడింటి మధ్య తేడా తెలిసే మార్గం లేదు. తొందరపడి అధికారం చేపడితే, మొదటిది కూడా బతికే ఉన్న పక్షంలో రెండూ ఒకే డేటాను ఒకేసారి రాస్తాయి. స్ప్లిట్ బ్రెయిన్ అని పిలిచే ఈ స్థితిలో సేవ ఆగదు, కానీ డేటా పాడవుతుంది. ఆగిన సేవను మళ్లీ నిలబెట్టవచ్చు గానీ, పాడైన ఖాతా లెక్కలను సరిచేయడం చాలాసార్లు అసాధ్యం. అనుమానం వచ్చినా కదలక కూర్చుంటే, మొదటిది నిజంగా చనిపోయిన పక్షంలో సేవ ఆగిపోతుంది. ఎన్ని హార్ట్‌బీట్లు తప్పిపోయేదాకా ఆగాలన్నది కూడా ఈ సందిగ్ధంలో భాగమే. విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్‌లో చాలాకాలం 5గా ఉన్న ఆ హద్దును 2016 నాటి సర్వరులో 10కి పెంచారు.

ఈ సందిగ్ధానికి దొరికిన పరిష్కారం ఓటు. క్లస్టర్‌లోని ప్రతి నోడ్‌కూ ఒక ఓటు ఇచ్చి, సగానికి మించిన ఓట్లను కూడగట్టిన పక్షమే పని కొనసాగించాలని విధించే నియమాన్ని కోరం అంటారు. మూడు నోడ్ల క్లస్టర్ ఏ విధంగా చీలినా ఒక పక్షానికే రెండు ఓట్లు దక్కుతాయి. మెజారిటీలు ఏకకాలంలో రెండు ఉండటం అసంభవం కనుక, పని చేసే పక్షాలు కూడా రెండు ఉండవు. వ్యాక్స్‌క్లస్టర్‌లో ఈ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటించేవారంటే, కోరం కోల్పోయిన పక్షంలోని నోడ్లు ఆరోగ్యంగా ఉన్నప్పటికీ తమ పనులన్నింటినీ ఎక్కడివక్కడ నిలిపివేసి, కోరం తిరిగి ఏర్పడేదాకా నిరీక్షించేవి. రెండు నోడ్లు మాత్రమే ఉన్న క్లస్టర్‌లో ఒకటి పోతే మిగిలినది సగమే తప్ప మెజారిటీ కాదు కాబట్టి, మూడో ఓటుగా ఒక డిస్కునో, వేరేచోటున్న చిన్న సర్వరునో సాక్షిగా ఏర్పాటు చేస్తారు. 1997లో రెండు నోడ్లతో మొదలైన మైక్రోసాఫ్ట్ క్లస్టర్ సర్వరులో కూడా ఆ సాక్షి పాత్ర ఒక ఉమ్మడి డిస్కుదే.

ఓటు తరువాత మరో జాగ్రత్త కూడా కావాలి. ఓడిన పక్షంలోని నోడ్, తాను ఓడిపోయినట్టు తెలియని అయోమయంలోనో, క్షణకాలం స్తంభించి మళ్లీ తేరుకునో, డిస్కు మీద రాయడానికి ప్రయత్నించవచ్చు. అందువల్ల గెలిచిన పక్షం పని మొదలుపెట్టకముందే దానికి డిస్కు అందకుండా చేయడమో, ఏకంగా దాని కరెంటు తీసేయడమో చేస్తుంది. దీన్ని ఫెన్సింగ్ అంటారు. లినక్స్ క్లస్టర్లలో దీనిని అమలు చేయకుండా డేటాబేస్‌ను నడపడం ప్రమాదకరమని నిపుణులు పదేపదే హెచ్చరిస్తూ వచ్చారు. ఒంటి లైను రైలు మార్గంలో టోకెన్ గానీ, దానికి సమానమైన అధికారపత్రం గానీ చేతికి అందనిదే డ్రైవరు బండిని తరువాతి సెక్షన్‌లోకి నడపడు. ఎదురుబండి లేదని ఎంత గట్టిగా అనిపించినా, ప్రయాణికులు ఎంత విసుక్కున్నా, అధికారం రానంతవరకు బండి నిలిచే ఉండాలి. కోరం, ఫెన్సింగ్ కలిసి డేటా విషయంలో చేసే పని సరిగ్గా అదే.

ఈ నియమాలన్నీ పాటించినా మిగిలిపోయే ఒక చిక్కును, ప్రపంచవ్యాప్తంగా ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకునే గిట్‌హబ్ సంస్థ 2018 అక్టోబరు 21న ఎదుర్కొంది. అమెరికా తూర్పు తీరంలోని ఆ సంస్థ నెట్‌వర్క్ కేంద్రానికీ, ప్రధాన డేటా సెంటరుకూ మధ్యనున్న లింకు, ఒక ఆప్టికల్ పరికరాన్ని మార్చే పనిలో 43 సెకన్లపాటు తెగింది. డేటాబేస్ నాయకత్వాన్ని నిర్ణయించే సాఫ్ట్‌వేర్, నియమం ప్రకారమే మెజారిటీని కూడగట్టుకుని, రాసే అధికారాన్ని పశ్చిమ తీరానికి బదలాయించింది. అయితే తెగడానికి ముందు తూర్పు తీరంలో రాసిన కొన్ని వివరాలు పశ్చిమానికి ఇంకా చేరలేదు. లింకు తిరిగి వచ్చేసరికి పశ్చిమం కొత్త వివరాలను స్వీకరించడం మొదలుపెట్టింది. రెండు చోట్లా రెండో చోట లేని సమాచారం మిగిలింది కాబట్టి వెనక్కి మారడం కుదరలేదు. సేవ వేగంగా పునరుద్ధరించడం కన్నా వినియోగదారుల డేటాను కాపాడటమే ముఖ్యమని ఆ సంస్థ నిర్ణయించుకుని, బ్యాకప్‌ల నుంచి డేటాబేస్‌లను తిరిగి నిర్మించింది; పూర్తిగా కోలుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. తరువాత జరిగినదంతా బహిరంగ నివేదికలో వివరంగా ప్రకటించింది. ఆ నిర్ణయమూ, ఆ నిజాయితీ రెండూ ప్రశంసనీయమైనవే.

ఈ చిక్కుకు మూలం రెప్లికేషన్, అంటే ఒక చోట రాసినదాన్ని మరో చోటికి నకలు చేయడం, జరిగే తీరులో ఉంది. రెండో చోట కూడా రాసినట్టు జవాబు అందేదాకా ఆగి, ఆ తరువాతే పని పూర్తయిందని చెప్పడం ఒక పద్ధతి. ముందు ఇక్కడ పూర్తి చేసి, నకలును తీరిగ్గా పంపడం మరో పద్ధతి. మొదటిదానిలో ఏదీ పోదు కానీ ప్రతి రాతకూ నిరీక్షణ తప్పదు. రెండోదానిలో వేగముంది కానీ, ప్రమాదం జరిగిన క్షణాన దారిలో ఉన్న వివరాలు పోతాయి. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్, ఢిల్లీ నగరాల మధ్య తిన్నని గీత గీస్తే సుమారు 1,250 కిలోమీటర్లు కాబట్టి, ఎంత గొప్ప పరికరాలు కొన్నా ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి కనీసం 12 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు వేల లావాదేవీలు జరిపే డేటాబేస్‌కు ఇది చిన్న ఆలస్యం కాదు. అందుకే క్లౌడ్ సంస్థలు ఒకే నగర పరిసరాల్లో, వేర్వేరు కరెంటు సరఫరాలతో, ఒక ప్రమాదం అన్నింటినీ తాకనంత ఎడంగానూ, నకలు ఆలస్యం కానంత దగ్గరగానూ డేటా సెంటర్లను నిర్మించి వాటిని అవైలబిలిటీ జోన్లు అంటాయి. 2022 నవంబరులో హైదరాబాద్‌లో ప్రారంభమైన అమెజాన్ వెబ్ సర్వీసెస్ కేంద్రంలో అటువంటి జోన్లు మూడు ఉన్నాయి. కోరం లెక్క తెలిసినవారికి ఆ మూడు అనే సంఖ్య ఎందుకో వేరుగా వివరించనక్కర్లేదు.

యంత్రాల గురించి ఇంత చెప్పుకున్నాక మనుషుల పాత్రను విడిచిపెట్టడం న్యాయం కాదు. టాండెమ్‌లో పని చేసిన జిమ్ గ్రే, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయనే ప్రశ్న మీద 1985లో ప్రచురించిన నివేదికలో, తమ వినియోగదారుల దగ్గర సేవ ఆగిపోయిన సందర్భాలను పరిశీలించి, వాటిలో పెద్ద భాగం, అంటే 42 శాతం, నిర్వహణ, కాన్ఫిగరేషన్, మరమ్మతుల వంటి మానవ వ్యవహారాల నుంచి వచ్చినవేననీ, హార్డ్‌వేర్ లోపాల వాటా 18 శాతమేననీ తేల్చారు. తరువాత 1998లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న ఆ శాస్త్రవేత్త లెక్క ఒక సంస్థ యంత్రాలకు, ఒక కాలానికి సంబంధించినదే అయినా, క్లస్టర్ సంక్లిష్టమయ్యేకొద్దీ దాన్ని నడిపేవారి శిక్షణ కూడా పెరగాలన్న దాని సూచన నేటికీ చెల్లుతుంది. నెట్‌ఫ్లిక్స్ సంస్థ, పనివేళల్లో తన సొంత సర్వర్లనే యాదృచ్ఛికంగా ఆపివేసే ఖోస్ మంకీ అనే ప్రోగ్రామును తయారు చేసుకుని నిరంతరం నడపడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే: ఎన్నడూ పరీక్షించని ఫెయిలోవర్ పని చేస్తుందని నమ్మడానికి ఆధారం ఏమీ లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఆసుపత్రులకు, సహకార బ్యాంకులకు, విశ్వవిద్యాలయాలకు రెండో సర్వరు కొనే బాధ్యతలో ఉన్నవారు, కొనుగోలు పత్రం మీద సంతకం చేసే ముందు సరఫరాదారును మూడు విషయాలు అడగాలి: మూడో ఓటు ఎక్కడ ఉంటుంది, ఓడిన నోడ్‌ను ఎలా ఆపుతారు, దారిలో ఉండగా పోయే డేటా ఎంత. జవాబులు రాతపూర్వకంగా తీసుకున్న తరువాత, ముందుగా తేదీ ప్రకటించి, బ్యాకప్ భద్రపరచి, ప్రధాన సర్వరు కరెంటు తీగను తమ సిబ్బంది చేతనే తీయించి చూడాలి. ఆ పరీక్షను ఏడాదికి రెండుసార్లయినా జరిపించాలి.